పాప రీసెర్చ్ అంటోంది, మేమేమో ఎంబీబీఎస్ అంటున్నాం

ఖమ్మం నుంచి ఒక అమ్మ నాలుగు పేజీల లెటర్ రాశారు, కుదించి చెప్తా. పాప బైపీసీ, ఇప్పుడు సెకండియర్, హైదరాబాద్ లో కాలేజీ హాస్టల్ లో ఉంటోంది. టెన్త్ నుంచీ ఇంట్లో అందరూ డాక్టర్ అనే అనుకున్నారు, పాప కూడా అలాగే అంది. ఈ మధ్య సెలవులకి వచ్చి నీట్ రాయను రీసెర్చ్ చేస్తా అంటోందట. జీన్లు ఎడిట్ చేసి జబ్బు నయం చేస్తున్నారు, ప్రొటీన్ల ఆకారం కంప్యూటర్ చెప్పేస్తోంది, మాట పడిపోయిన మనిషి మెదడు నుంచి మాటలు తీస్తున్నారు, నేను అక్కడికి వెళ్తా అని. వాళ్ళ నాన్నగారు అలిగి మాట్లాడటం మానేశారు. సాఫ్ట్‌వేర్ లో ఉన్న బాబాయేమో "డాక్టర్లని కూడా ఏఐ తీసేస్తుంది వదినా, సీఎస్ఈ బెస్ట్" అంటాడు (బైపీసీ పిల్లకి సీఎస్ఈ ఎలా వస్తుందో ఆయనే చెప్పాలి). ఈవిడ అడిగింది ఒకటే, "ఈ కొత్త రీసెర్చ్ లలో దేనికి ఫ్యూచర్ ఉంది సార్?" అని. లెటర్ ఆఖర్న, సంతకం పైన, చిన్నగా ఇంకో లైన్ ఉంది. "రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదంటోంది, ఫోన్ చేస్తే ఏడుస్తోంది."

అమ్మా, ముందు ఆ ఆఖరి లైన్ సంగతి చూద్దాం, మిగతాది నెల ఆగినా కొంపలు మునగవు. ఈ ఆదివారం అవుటింగ్ కి మీరే వెళ్ళండి, వీక్లీ టెస్ట్ మార్కులు అడక్కండి, ర్యాంక్ అడక్కండి, బయటికి తీసుకెళ్ళి కడుపునిండా తినిపించి ఎన్ని రోజుల్నుంచి నిద్ర లేదు, తిండి సరిగా తింటోందా, బతకాలని లేదు లాంటి ఆలోచన ఏమైనా వస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని పెద్దవాళ్ళకి భయం, అలా ఏం పుట్టదు, పైగా పిల్లలకి చెప్పుకునే వీలు దొరుకుతుంది. రెండు వారాలైనా ఇలాగే ఉంటే సైకియాట్రిస్ట్ కి చూపించండి, ఆలోచనలు వస్తున్నాయంటే ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు, అదే రోజు చూపించండి, పిల్లని ఒంటరిగా వదలొద్దు. 14416 అని టెలీ మానస్ నంబర్ ఉంది, 2022 అక్టోబర్ 10న మొదలైంది, బెంగళూరులో మానసిక ఆరోగ్యానికి ఉన్న పెద్దాస్పత్రి నిమ్హాన్స్ ముందుండి నడిపిస్తోంది, రాత్రీ పగలూ ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. మీరు కూడా చెయ్యొచ్చు, పిల్లే చెయ్యాలని లేదు. ఇది కెరీర్ ప్రశ్నకి ముందు తేలాల్సిన విషయం, ఎందుకంటే నీట్ వద్దు అన్న మాట ఇష్టం వల్ల వచ్చిందా అలసట వల్ల వచ్చిందా అన్నది కంటినిండా నిద్రపోయి లేచిన పిల్లని అడిగితేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఫ్యూచర్ సంగతి. ఈ ప్రశ్న నన్ను ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నారు, జవాబు మాత్రం ప్రతిసారీ పేపర్ లో ఏది వస్తే అదే. 2002, 2003 ఆ టైమ్ లో హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీల కోసం పెట్టిన జీనోమ్ వ్యాలీ పేరు రోజూ వినపడేది, ఊరూరా డిగ్రీ కాలేజీలు బీఎస్సీ బయోటెక్ బోర్డులు పెట్టేశాయి, ల్యాబ్ లో ఒక మైక్రోస్కోపు రెండు గాజు పెట్టెలు. అప్పుడు చేరిన వాళ్ళలో నాకు తెలిసినవాళ్ళు సగం మంది తర్వాత మెడికల్ కోడింగ్ కో కాల్ సెంటర్ కో వెళ్ళారు. సబ్జెక్ట్ తప్పని నేననను, న్యూస్ చూసి చేరడమే తప్పు, ఆ సబ్జెక్ట్ లో రోజూ చేసే పనేంటో ఎవరూ వాళ్ళకి చెప్పలేదు.

పనేంటో చెప్పడానికి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు. 2022 ఆగస్టులో మన హైదరాబాద్ లోనే ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐఐటీ హైదరాబాద్, కణాల మీద, జీన్ల మీద రీసెర్చ్ చేసే సీసీఎంబీ కలిసి మనిషి కంటి టిష్యూ తో త్రీడీ ప్రింటర్ మీద కార్నియా, అంటే కంటి ముందుండే అద్దం లాంటి పొర, తయారుచేసి కుందేలు కంట్లో పెట్టారు. నేత్రదానంలో వచ్చిన కళ్ళన్నీ ఆపరేషన్ కి పనికిరావు, కొన్ని పక్కన పెట్టేయాల్సిందే, అలా పనికిరాని కార్నియాల్లోంచి కణాలు తీసేసి మిగిలిన పదార్థాన్ని, మనిషి కంటి మూలకణాల్ని కలిపి ప్రింటర్ కి ఇంకు లాగా వాడారు. ఇందులో ఎంతమంది పని ఉందో మీ పాపని కూర్చోబెట్టి లెక్కపెట్టమనండి. కంట్లో ఏది నిలుస్తుందో ఏది మబ్బుగా మారిపోతుందో తెలిసిన కంటి డాక్టర్ కావాలి, కణాల్ని చావకుండా పెంచేవాళ్ళు కావాలి, ఆ ఇంకు ఎంత చిక్కగా ఉంటే ఆకారం నిలబడుతుందో లెక్క కట్టే ఇంజనీర్ కావాలి, కుందేళ్ళని చూసుకునే వెటర్నరీ మనిషి కావాలి. వీళ్ళలో ఎవరి డిగ్రీ మీదా "కార్నియా ప్రింటింగ్" అని ఉండదు, ఎవరి సబ్జెక్ట్ వాళ్ళు లోతుగా చదువుకుని పక్కవాడి భాష సగమైనా అర్థం చేసుకుని ఒక టేబుల్ దగ్గర కూర్చున్నారు అంతే. మీ పాప చెప్పిన ప్రతి వార్త వెనకా ఇదే కథ. అందుకే ఏ ఫీల్డ్ అని నన్ను అడగొద్దు, ఆ టేబుల్ దగ్గర ఏ కుర్చీ అని పాపని అడగండి.

ప్రొటీన్ల సంగతి తీసుకోండి. ఆల్ఫాఫోల్డ్ అని గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళ ప్రోగ్రామ్, 2020 చివర్లో ప్రొటీన్ల ఆకారం అంచనా వేసే పోటీలో అందర్నీ దాటేసింది, 2022 జులైకి ఇరవై కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలు అంచనా వేసి ఫ్రీగా పెట్టారు, 2024లో కెమిస్ట్రీ నోబెల్ లో సగం డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ లకి, ఇంకో సగం కొత్త ప్రొటీన్లు డిజైన్ చేసే డేవిడ్ బేకర్ కి. ఇది చూసి "ఏఐ చేసేసింది, ఇక బయాలజీ వాళ్ళతో పనేముంది" అంటారు మీ మరిదిగారి లాంటి వాళ్ళు. ఆ ప్రోగ్రామ్ నేర్చుకుంది దేని మీద? 1971 నుంచి ప్రపంచమంతా ల్యాబుల్లో ప్రొటీన్లని స్ఫటికాలు చేసి ఎక్స్‌రే కొట్టి ఒక్కో ఆకారం కనుక్కుని ఒక చోట జమచేస్తూ వచ్చారు, ఒక్కోదానికి ఒక పీహెచ్‌డీ అయిపోయేది, ఆ లక్షన్నర పైచిలుకు ఆకారాలు లేకపోతే ఏఐ కి తిండే లేదు. జంపర్ మొదట ఫిజిక్స్ చదివాడు, తర్వాత థియరిటికల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ. హస్సాబిస్ కంప్యూటర్ సైన్స్ చదివి వీడియో గేములు చేసి ఆ తర్వాత మెదడు మీద పీహెచ్‌డీ చేశాడు. ఏ కన్సల్టెన్సీ అయినా ఆయన రెజ్యూమె చూస్తే "నిలకడ లేదు" అని పక్కన పడేసేది.

డాక్టర్లని ఏఐ తీసేస్తుంది అన్న మాటకి కూడా పాత కథ ఒకటుంది. 2016లో జెఫ్రీ హింటన్, అంటే 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చిన పెద్దమనిషే, రేడియాలజిస్టుల్ని తయారుచేయడం ఆపేయండి, ఐదేళ్ళలో కంప్యూటర్ వాళ్ళకంటే బాగా చూస్తుంది అన్నాడు. ఐదేళ్ళు ఎప్పుడో అయిపోయాయి, రేడియాలజిస్టులు ఇంకా దొరక్క ఆస్పత్రులు వెతుక్కుంటున్నాయి. స్కాన్ చదవడంలో కంప్యూటర్ సాయం బాగానే వచ్చింది, కాదనను, కానీ పని మారడం వేరు మనిషి పోవడం వేరు. అంత పెద్దాయనే లెక్క తప్పితే నేనూ మీ మరిదీ ఎంత.

మెదడు నుంచి మాటలు తీయడం అబద్ధం కాదు. 2023 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో, స్ట్రోక్ వచ్చి పద్దెనిమిదేళ్ళుగా మాట లేని ఒకావిడ మెదడు మీద 253 ఎలక్ట్రోడ్ల పలక పెట్టి నిమిషానికి 78 మాటలు స్క్రీన్ మీదికి తెప్పించారు. న్యూరోసర్జన్, ఇంజనీరింగ్ పీహెచ్‌డీ స్టూడెంట్లు, మాటల ధ్వనులు తెలిసినవాళ్ళు, మళ్ళీ అదే టేబుల్.

మానసిక ఆరోగ్యం గురించి పాప ఏం చెప్పలేదు గానీ నాకైతే మనవాళ్ళు కన్నెత్తి చూడని కుర్చీలు అక్కడే ఎక్కువ ఉన్నాయనిపిస్తుంది. మన దేశంలో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేరు. 2025 మార్చిలో అమెరికా డార్ట్‌మౌత్ వాళ్ళు థెరాబాట్ అని తాము తయారుచేసిన చాట్‌బాట్ ని 210 మందితో పరీక్షించి, వాడినవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు సగటున సగం దాకా తగ్గాయని రాశారు. బాగుంది. కానీ అది ఇంటర్నెట్ లో దొరికే మామూలు చాట్‌బాట్ కాదు, ఏళ్ళ తరబడి క్లినిషియన్లు కూర్చుని సంభాషణలు రాసి నేర్పించారు, టెస్ట్ జరిగినన్నాళ్ళూ మనుషులు వెనకనుంచి చూస్తూనే ఉన్నారు. సైకాలజీ తెలిసి కోడ్ అర్థమయ్యేవాళ్ళు, అందులోనూ తెలుగులో "గుండె దడగా ఉంది", "మనసేం బాలేదు" అంటే ఏంటో తెలిసినవాళ్ళు రేపు కావాలా వద్దా, మీరే చెప్పండి.

ఇక మీకు నచ్చే మాట. రీసెర్చ్ కి ఎంబీబీఎస్ అడ్డం కాదు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో, పుట్టుకతోనే అమ్మోనియా ఒంట్లో పేరుకుపోయే అరుదైన జబ్బున్న ఒక పసిబిడ్డకి, ఆ ఒక్క బిడ్డ జీన్ తప్పు కోసమే ఆరునెలల్లో మందు తయారుచేసి ఇచ్చారు. దాన్ని నడిపించిన ఇద్దరూ డాక్టర్లే, వార్డులో రోగుల్నీ చూస్తారు, ల్యాబ్ నీ నడుపుతారు. రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకి క్రిస్పర్ మందు, అంటే జీన్ ని ఎడిట్ చేసే మందు, 2023 నవంబర్ లో మొదట బ్రిటన్ లో ఓకే అయ్యింది, అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లో ఈ జబ్బున్న పిల్లలున్నారు, వాళ్ళకి ఆ ధరకి మందు వస్తుందా? రాదు, ఎవరో ఇక్కడే కూర్చుని చవగ్గా చెయ్యాలి. చెయ్యలేమా అంటే ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ళు రక్త క్యాన్సర్ కి నెక్స్‌కార్19 అనే కార్‌టీ చికిత్స (రోగి రక్తకణాల్నే మార్చి క్యాన్సర్ మీదికి పంపడం) తయారుచేశారు, 2023 అక్టోబర్ లో పర్మిషన్ వచ్చింది, దీని ధర అమెరికా ధరలో దాదాపు పదో వంతు. అది కూడా మధ్యతరగతికి భారమే, కాకపోతే దారి పడింది.

నాన్నగారి భయం డబ్బు గురించి అని నా అనుమానం, అది న్యాయమైన భయమే. దాచకుండా చెప్తా. డిగ్రీ పీజీ కలిపి ఐదేళ్ళ బీఎస్ ఎంఎస్, ఆపైన పీహెచ్‌డీ ఐదారేళ్ళు, తర్వాత పోస్ట్‌డాక్ రెండు మూడేళ్ళు, స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటొచ్చు. పీహెచ్‌డీలో నెట్ పరీక్షతో వచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ ఉంటే 2023 జనవరి నుంచి నెలకి 37 వేలు, హెచ్ఆర్ఏ అదనం, అంటే ఇంట్లోంచి డబ్బు పంపక్కర్లేదు కానీ ఇంటికి పంపేంత మిగలదు. కోవిడ్ వ్యాక్సిన్లకి దారి వేసిన ఎంఆర్ఎన్ఏ మీద పనిచేసిన కటలిన్ కారికో 1985లో అమెరికా వెళ్తే 1995లో యూనివర్సిటీ వాళ్ళు హోదా తగ్గించారు, అసలు పేపర్ 2005లో వచ్చింది, కోవిడ్ వ్యాక్సిన్ల దాకా బయట ఎవరికీ తెలీదు, నోబెల్ 2023లో. యూట్యూబ్ వీడియోలో ఆ మధ్య ఇరవై ఏళ్ళు పది సెకన్లలో అయిపోతాయి. అన్నీ నోబెల్ కథలూ అవ్వవు, ఇంటి అప్పు ఉండి పాప సంపాదన మీద ఆధారపడే పరిస్థితి ఉంటే అది పాపకి ఇప్పుడే చెప్పండి. మీరిద్దరూ గుసగుసలాడుకుని దాచిపెట్టొద్దు.

బైపీసీ తో తలుపులేమున్నాయంటే, నీట్ ఎలాగూ ఉంది, ఏటా ఇరవై లక్షల మందికి పైగా రాస్తారు, ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు, కాబట్టి నీట్ ఒక్కటే పెట్టుకున్నా రిస్కే అని నాన్నగారికి చెప్పండి. ఐసర్ లకి, అంటే సైన్స్ చదువుకి, రీసెర్చ్ కి కేంద్రం పెట్టిన సంస్థలకి, ఐఏటీ అని పరీక్ష ఉంది, మనకి దగ్గర్లో తిరుపతి ఐసర్, 2015 నుంచి నడుస్తోంది. బైపీసీ వాళ్ళు రాయొచ్చు, కానీ 60 ప్రశ్నల్లో 15 మాథ్స్, రైట్ అయితే నాలుగు, తప్పయితే ఒకటి పోతుంది. మాథ్స్ వదిలేసి మిగతా మూడింటితో సీట్ కొట్టే పిల్లలున్నారు, కాకపోతే చేరాక ఫస్ట్ సెమిస్టర్ లోనే మాథ్స్ ఎదురొస్తుంది. ఐఐటీల్లో బయోమెడికల్ బీటెక్ కి ఎంపీసీ, జేఈఈ కావాలి, ఆ తలుపు ఇప్పుడు మూసుకున్నట్టే. బీఫార్మసీ, ఫార్మ్‌డీ లకి ఎప్‌సెట్ ఉంది. నేను నా సొంత మేనకోడలికి అయినా ఒకటే చెప్తా, ఏ తలుపు తీసుకున్నా మాథ్స్, స్టాటిస్టిక్స్, కాస్త పైథాన్ కోడింగ్ నేర్చుకోవాలి. బైపీసీ అంటే మాథ్స్ బాధ వదిలింది అనుకుని వచ్చిన పిల్లలే తర్వాత ఆ టేబుల్ దగ్గర నోరు మెదపలేక కూర్చోవడం చూశా. నీట్ ప్రిపరేషన్ ఆపొద్దు, ఫిజిక్స్ కెమిస్ట్రీ బయాలజీ రెండు పరీక్షలకీ పనికొస్తాయి, రోజుకి ఓ గంట మాథ్స్ కలుపుకోవాలి, అది కూడా నిద్ర కుదురుకున్నాకే.

పాపకిది నిజంగా ఇష్టమో కాదో తెలుసుకోడానికి ఒక పని పెట్టండి, సెలవుల్లో మూడు రోజులు చాలు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ బదులు వాలీన్ వస్తే సికిల్ సెల్, అంత చిన్న తప్పే. ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ ఫోన్ లో కూడా తెరుచుకుంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, అందులో ఆ ప్రొటీన్ వెతికి, ఆ ఒక్క మార్పుకి రక్తకణం కొడవలిలా ఎందుకు వంగిపోతుందో, ఆ క్రిస్పర్ మందు దాన్ని ఎలా దాటుతుందో చదివి నాన్నకి తెలుగులో చెప్పమనండి. మధ్యలో విసుగొచ్చి ఫోన్ పక్కన పడేస్తే పడేసిందనే అనుకోండి, తిట్టొద్దు. మూడో రోజు రాత్రి కూడా ఇంకేదో వెతుకుతూ కూర్చుంటే నాకు మళ్ళీ రాయండి, అప్పుడు ఐఏటీ అప్లికేషన్ గురించి, తిరుపతి హాస్టల్ ఫీజు గురించి మాట్లాడుకుందాం. సీసీఎంబీ లో ఓపెన్ డే పెట్టినప్పుడు స్టూడెంట్లని లోపలికి రానిస్తారు, ఆ రోజుకి నాన్నగారినే పాపతో పంపండి, మీరు ఇంట్లో ఉండండి. ఇద్దరూ ఖమ్మం బస్సులో నాలుగు గంటలు పక్కపక్కన కూర్చుని రావాలి కదా, ఏదో ఒకటి మాట్లాడుకోకుండా ఉండలేరు.