వరద పొట్లం మీద ఎవరి పేరు ఉండాలి?

మీ ప్రశ్న – మా జవాబు

వానాకాలం దగ్గర పడుతుంటే చెన్నై పాఠకుల నుంచి ఒకే విషయం మీద వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. వరదల్లో హోటళ్లు, కంపెనీలు పంచే భోజనాల గురించి అడుగుతున్నారు. కొందరు పుచ్చుకున్నవాళ్లు, కొందరు ఇవ్వాలనుకుంటున్నవాళ్లు.

ప్రశ్న: 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకి మా వేళచ్చేరి వీధిలో నడుముల్లోతు నీళ్లు నిలిచాయి. రెండో రోజు ఒక పెద్ద హోటలు వాళ్లు పడవలో పొట్లాలు తెచ్చారు. కవరు నిండా వాళ్ల పేరు, ఫోను నెంబరు, 'ఆర్డర్ చేయండి' అన్న మాట. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ అదే వాదన: అది సేవా, ప్రచారమా? తీసుకున్న మేము తప్పు చేశామా?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: మీ తప్పు ఏమీ లేదమ్మా. ఆకలిగా ఉన్నవాళ్లు ముందు దాత మనసు పరీక్షించి తర్వాత తినాలని ఏ ధర్మమూ చెప్పదు. హోటలు యజమాని మనసులో ఏముందో మీరూ చూడలేరు, మేమూ చూడలేం. అందుకే ఈ వాదన ఇన్నాళ్లయినా తెగలేదు. చూడగలిగినవి వేరే ఉన్నాయి, వాటిని చూడండి. అన్నం ఎన్ని గంటలకు వండారు? మెయిన్ రోడ్డు మీదే పంచి వెళ్లారా, వీధి చివరి ఇంటిదాకా వచ్చారా? కెమెరా వెళ్లిపోయాక మూడో రోజు కూడా వచ్చారా? పొట్లం చేతికిచ్చే ముందు ఫోను నెంబరో, యాప్ డౌన్‌లోడో, ఫొటోనో అడిగారా?

పొట్లం మీద పేరుండటం తప్పని చాలామంది అనుకుంటారు. మా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. పేరు ఉండాలి. తిన్నవాళ్లలో పదిమందికి వాంతులయితే ఆ అన్నం ఏ వంటింటి నుంచి వచ్చిందో తెలియాలి కదా. ఊరూపేరూ లేని పొట్లమే ఎక్కువ ప్రమాదం. కాబట్టి వండినవాళ్ల పేరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నెంబరు, వండిన టైము, ఎన్నింటిలోపు తినాలన్నది, ఈ నాలుగూ ఉండాల్సిందే. 'ఆర్డర్ చేయండి' అన్నది మాత్రం అక్కర్లేదు. ఆ జాగాలో టైము రాసి ఉంటే మీకు పనికొచ్చేది.

2015 డిసెంబరు వరదల్లో సహాయ సామగ్రి మీద అప్పటి ముఖ్యమంత్రి జయలలిత బొమ్మ ఉన్న స్టిక్కర్ల గురించి పెద్ద దుమారం లేచింది. వేరేవాళ్లు పంపిన సరుకు మీద కూడా అంటిస్తున్నారన్నది జనం ఆరోపణ. ఒకరు పెట్టిన అన్నానికి ఇంకొకరు పేరు తగిలించుకుంటున్నారన్న అనుమానమే అప్పుడు జనాన్ని అంతగా మండించింది.

ప్రశ్న: టీ నగర్ పక్కన మాకు చిన్న ఆంధ్రా మెస్ ఉంది. ఈసారి ముంపు వస్తే రోజుకి 500 పొట్లాలు ఇవ్వాలని అనుకుంటున్నాం. ఏం వండాలి, ఎంత సరుకు కావాలి? పోయినసారి మాకు తెలిసినవాళ్లు పంచిన సాంబారన్నం దారిలోనే పాచిపోయింది.
– ఒక మెస్ యజమాని

జవాబు: పాచిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పెద్ద గుండిగలో వండి, మూత పెట్టి, అలాగే వదిలేస్తారు. పైన చల్లబడుతుంది, నడిమధ్యన మాత్రం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, ఆ గోరువెచ్చనలోనే లేచి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. పప్పు, కూరలు కలిసిన సాంబారన్నం ఇంకా త్వరగా చెడుతుంది. అందుకని అన్నం 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉండాలి, గబగబా చల్లార్చి త్వరగా తినిపించేయనైనా తినిపించేయాలి. మధ్యస్థంగా వదిలేయకూడదు.

మీకు మా సలహా పులిహోర. చింతపండు పులుపు, ఉప్పు, నూనె కలిసి చెడిపోవడాన్ని నెమ్మదింపజేస్తాయి. పూర్తిగా ఆపవు, కాబట్టి పులిహోరే కదా అని ధీమాగా ఉండొద్దు. 500 పొట్లాలకి, పొట్లం 370–380 గ్రాముల చొప్పున, బియ్యం 70 కిలోలు, చింతపండు 7 నుంచి 8 కిలోలు, నువ్వుల నూనె ఏడున్నర లీటర్లు, వేరుశనగ గుళ్లు మూడున్నర కిలోలు, పచ్చిశనగపప్పు మూడున్నర కిలోలు, ఉప్పు రెండుంబావు నుంచి రెండున్నర కిలోలు, పసుపు పావు కిలో. ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ, కరివేపాకు మీ చేతి అలవాటు. పసిపిల్లలూ ముసలివాళ్లూ తింటారు గనుక కారం సగానికి తగ్గించండి. పొట్లానికి సుమారు 680 కేలరీలు వస్తాయి. సహాయ శిబిరాల్లో మనిషికి రోజుకి 2,100 కేలరీలు అందాలన్నది అంతర్జాతీయంగా పాటించే లెక్క. అంటే మూడు పూటలా పొట్లం అందితేనే ఆ మనిషికి దాదాపు సరిపోయినట్టు. ఒక పూట ఇచ్చి ఊరిని పోషించామని అనుకోవడానికి లేదు.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ముంపులో డ్రైనేజీ నీళ్లు భూమిలోని సంపులోకి దిగుతాయి, చూడ్డానికి తేటగానే ఉంటాయి. ఆ నీళ్లు వంటకే కాదు, బియ్యం కడగడానికి కూడా వద్దు. 70 కిలోలకి కడగడం, ఉడకడం కలిపి 300 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 15 ముందే తెచ్చి పెట్టుకోండి. వరద నీళ్లు తగిలిన బియ్యం బస్తా ఎండబెట్టినా పనికిరాదు, పక్కన పడేయండి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు అదనంగా రెండు ఉండాలి, తుపాను రోజుల్లో సరఫరా ఆగిపోతుంది. కరెంటు ఉండదు గనుక మిక్సీతో పని పడే వంట పెట్టుకోకండి.

పులుసు ముందు రాత్రే బాగా మరిగించి నూనె తేలేదాకా ఉంచండి. తెల్లవారుజామున నాలుగున్నరకి అన్నం వార్చి, వెడల్పాటి తాంబాళాల్లో రెండంగుళాల మందానికి మించకుండా పరచండి. ఆరుకల్లా కలపడం అయిపోవాలి. ఆవిరి పోయాకే పొట్లం కట్టండి. వేడిమీద కడితే లోపల చెమటపట్టి ఆ నీళ్లు అన్నంలోకే కారతాయి, పులిసిపోయేది అక్కడే. చేయి తిరిగిన మనిషి గంటకి సుమారు వంద కడతాడు, కాబట్టి ఆరుగురు కావాలి. అందరికీ ఒకే కొలత గిన్నె ఇవ్వండి. పొట్లాలు చిన్నాపెద్దా అయితే పంచే చోట తగువులు వస్తాయి. చేతి మీద పుండో, కోతో ఉన్నవాళ్లని, విరేచనాలు అవుతున్నవాళ్లని వంటింట్లోకే రానివ్వకండి. అరిటాకు, పైన కాగితం చాలు. తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద 2019 జనవరి 1 నుంచి నిషేధం ఉంది, పైగా వరదలో ఆ కవర్లే కాలువలకి అడ్డం పడతాయి.

పొట్లం మీద తమిళంలోనూ తెలుగులోనూ 'ఉదయం 6కి వండినది, 10 లోపు తినండి' అని రాయండి. కట్టడం పనులకి ఉత్తరాది నుంచి వచ్చిన కూలీల శిబిరాలు ఉన్న చోటికి వెళ్తే హిందీలో కూడా. నాలుగు గంటలు దాటినవి వెనక్కి తెచ్చి పారేయండి, ప్రాణం ఒప్పుకోకపోయినా సరే. ఒక పొట్లం మీ ఫ్రిజ్‌లోనో ఐసు పెట్టెలోనో రెండు రోజులు దాచండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పరీక్షకి ఇవ్వడానికి అదే ఆధారం. కొబ్బరి పచ్చడి, పెరుగన్నం, బంగాళాదుంప కూర, గుడ్డు జోలికి పొట్లాల్లో పోవద్దు. సాంబారన్నమే పెట్టాలనుకుంటే కల్యాణమండపం లాంటి మెరక చోట పొయ్యి పెట్టి, వేడివేడిగా పళ్లెంలో వడ్డించండి.

అరలీటరు నీళ్ల సీసాతో కలిపితే మొత్తం బరువు 440 కిలోల దాకా వస్తుంది. చెన్నైలో కుట్టి యానై అని పిలిచే టాటా ఏస్ ఒక్క ట్రిప్పులో మోస్తుంది, అయితే మోకాలి లోతు నీళ్లలోకి దించకండి. అక్కడి నుంచి పడవో, ట్రాక్టరో ముందే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: ఓఎంఆర్‌లోని మా కంపెనీ వరద భోజనాల ఖర్చు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద చూపిస్తానంటోంది. వాలంటీర్లకి లోగో ఉన్న టీషర్టులు, వాహనానికి బ్యానరు కూడా అదే లెక్కలో పెడుతున్నారు. సబబేనా?
– ఒక ఉద్యోగి

జవాబు: భోజనాలు సబబే. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం అర్హత ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. ఏడో షెడ్యూలులో విపత్తు సహాయం, పునరావాసం ఉన్నాయి. టీషర్టులు, బ్యానరు మాత్రం వేరే మాట. తమ సరుకుకో సేవకో మార్కెటింగ్ లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్ ఖర్చు సీఎస్ఆర్ కాదని 2021లో సవరించిన నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అవి ప్రచార ఖాతాలోకి వెళ్లాలి. నిర్వహణ ఖర్చులకి కూడా మొత్తం సీఎస్ఆర్ ఖర్చులో 5 శాతమే హద్దు.

తమ గోడౌన్‌లో అమ్ముడుపోని బిస్కట్లు పంచి, వాటికి ధర కట్టి లెక్కలో రాసుకోవడం కూడా కుదరదు. వస్తురూపంలో ఇచ్చి దాన్ని డబ్బుగా చూపడానికి వీల్లేదని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. సీఎస్ఆర్ కోసం కొన్న సరుకుల మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని తర్వాత సర్దుకునే వీలు) కూడా రాదు, 2023 ఫైనాన్స్ చట్టంతో ఆ దారి మూశారు. పన్ను మిగుల్చుకోవడానికే కంపెనీలు అన్నం పెడతాయని గట్టిగా అనేవాళ్లు ఈ రెండు సంగతులూ గమనించాలి. మీ కంపెనీ డబ్బు ఏదైనా సంస్థ ద్వారా ఖర్చుపెడుతుంటే, ఆ సంస్థ సీఎస్ఆర్-1 అనే ఫారం కింద ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిందో లేదో మీ ఫైనాన్సు వాళ్లని అడగండి.

ప్రశ్న: మా వ్యాసర్పాడి వైపు మొదటి రెండు రోజులు ఒకే వీధికి నాలుగు సంస్థల వాళ్లు వచ్చారు. పొట్లాలు మిగిలి చెత్తలో పడ్డాయి. నాలుగో రోజుకి ఎవరూ లేరు. ఇలా ఎందుకవుతుంది?
– ఒక పాఠకుడు

జవాబు: టీవీల్లో కనిపించేది మొదటి రెండు రోజులే గనుక. పైగా వాహనం వెళ్లగలిగిన చోటికే అందరూ వెళ్తారు. ప్రచారం కోసం ఇవ్వడం వల్ల వచ్చే అసలు నష్టం ఇదే: అన్నం కెమెరా వెళ్లగలిగిన చోటుకే చేరుతుంది, సందుల్లో ముసలివాళ్లు ఖాళీ కడుపుతో ఉంటారు. ఉద్దేశాల మీద వాదించడం మాని ఈ పంపిణీ మీద నిలదీయండి.

మీ వీధిలో ముందే ఇద్దరు మనుషుల్ని పెట్టుకోండి. ఇల్లిల్లూ తిరిగి తలలెన్ని, అందులో పసిపిల్లలు, షుగరున్నవాళ్లు, మంచం పట్టినవాళ్లు ఎందరు, పొయ్యి వెలుగుతోందా లేదా అని ఒక కాగితం మీద రాయాలి. కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1913కి, మీ జోన్ ఆఫీసుకి ఆ లెక్క చెప్పండి. ఏ సంస్థ వచ్చినా అదే కాగితం చూపించి 'మధ్యాహ్నానికి మాకు ఉంది, రాత్రికి 140 తెండి, నాలుగో రోజు ఉదయం తెండి' అని అడగండి. ఇవ్వాలన్న మనసున్న హోటలు సంతోషంగా ఒప్పుకుంటుంది. నీళ్లు తీసి గ్యాసు వెలిగిన ఇళ్లకి వండిన అన్నం అక్కర్లేదు. బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు ఇస్తే వాళ్ల వంట వాళ్లు చేసుకుంటారు, మర్యాదగానూ ఉంటుంది.

ప్రశ్న: పసిపిల్లల పాలపొడి డబ్బాలు ఉచితంగా పంచవచ్చా?
– ఒక వాలంటీరు, పెరంబూరు

జవాబు: వద్దు. శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 1992 ప్రకారం పాలపొడి, పాలసీసాలు అనాథాశ్రమాలకి తప్ప దానంగా పంచడం నేరం. కారణం సులభంగానే అర్థమవుతుంది. మురికి నీళ్లలో కలిపిన పొడి పసివాడికి విరేచనాలు తెస్తుంది, అలవాటయ్యాక తల్లిపాలు తగ్గిపోతాయి, ఆ తర్వాత డబ్బా కొనక తప్పదు. తల్లికి రెండు పొట్లాలు, మంచినీళ్లు ఎక్కువ ఇవ్వండి.

ప్రశ్న: పెద్ద కంపెనీలు ఉచితంగా పంచుతుంటే, నీళ్లు తీశాక కూడా మాలాంటి చిన్న టిఫిన్ సెంటర్లకి గిరాకీ రావడం లేదు. అడిగితే పేదల అన్నానికి అడ్డం పడుతున్నావంటారు.
– ఒక పాఠకురాలు, సైదాపేట

జవాబు: మీరు అడిగింది న్యాయమే. షెఫ్ హోసే ఆండ్రెస్ 2010లో హైతీ భూకంపం తర్వాత మొదలుపెట్టిన వరల్డ్ సెంట్రల్ కిచెన్ చాలా చోట్ల స్థానిక హోటళ్లకే డబ్బిచ్చి వండిస్తుంది. వంట తెలిసినవాళ్లూ, పొయ్యిలూ, ఆ వీధి దారులూ అక్కడే ఉంటాయి, వాళ్ల కూలీ కూడా ఆగదు. మీ చుట్టుపక్కల నాలుగైదు టిఫిన్ సెంటర్లు కలిసి ఒక కాగితం తయారుచేసుకోండి: పూటకి ఎవరు ఎన్ని పొట్లాలు వండగలరు, ఏ వంటకం, ఒక్కోటి ఎంత పడుతుంది, లైసెన్సు నెంబర్లు, మీ వంటిళ్లలో ముంపు రానివి ఏవి. వాన రాకముందే దాన్ని దగ్గర్లోని కంపెనీల సీఎస్ఆర్ విభాగాలకి, రోటరీ లాంటి సంఘాలకి ఇవ్వండి. సగం డబ్బు ముందే అడగండి, సరుకు ధర తుపాను ముందు రోజే పెరుగుతుంది. పొట్లం మీద వండిన మీ సెంటరు పేరూ టైమూ ఉండాలని, డబ్బిచ్చిన కంపెనీ పేరు దాని కింద చిన్నగా వేసుకోవచ్చని ఒప్పందంలోనే రాయించుకోండి.