అమ్మడూ, ముందు ఒక ఆకు నమిలి చూడు

పర్లాకిమిడి

అమ్మడూ,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. బరంపురంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేరేడాకు, పొడపత్రి తీసుకున్నావట, షుగర్ ఎంజైముని ఆపుతాయో లేదో చూస్తావట. సంతోషమూ వేసింది, రాత్రి నిద్రా పట్టలేదు.

ఆకులు నీడన ఆరబెట్టు. కోసిన చోటు, తేదీ రాసి ఒక కొమ్మ, ఎండు మొక్కల నమూనాలు దాచే హెర్బేరియానికి ఇవ్వు. మహేంద్రగిరి సవర పెద్దలు చూపించిన తీగైనా సరే, పేరు బాటనీ మాష్టారి చేత ఖాయం చేయించుకో. 6.8 పీహెచ్ బఫరు, 37 డిగ్రీలు, 405 నానోమీటర్లు, ఇవన్నీ మీ మేడమ్ చెప్తారు. ఆకు సారానికే పసుపు రంగుంటుంది, ఎంజైము వెయ్యని బ్లాంకు ప్రతి మోతాదుకీ పెట్టుకో.

1999లో నేనూ నేరేడాకే పట్టుకున్నాను. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైము ఆల్ఫా గ్లూకోసిడేజ్‌ని మొదటిసారే 90 శాతం పైగా ఆపేసింది. ఎంజైము పనిచేస్తే పసుపు తిరగాల్సిన గొట్టం తిరగనే లేదు. ఆ ఎంజైముని ఆపే షుగర్ మందు అకార్బోజ్ ఉంది కదా, 'అకార్బోజ్ కన్నా మెరుగు' అని ఎర్ర సిరాతో రాసుకున్నాను. గొట్టంలో వాడే ఈస్ట్ ఎంజైము మీద అకార్బోజ్ అసలే అంతంతమాత్రం, దాన్ని ఓడించడం గొప్పేం కాదని అప్పటికి తెలీదు నాకు. ఆ ఊపులో ఇంటికొచ్చి మీ నాయనమ్మతో అనేశాను. కూతురు చదువుకున్నది, చెప్పింది కదా అని ఆవిడ మాత్రలు మానేసి రోజూ కషాయం తాగింది. మూడో వారం వంటింట్లో పడిపోయింది. ఎత్తుతుంటే చూశాను, గట్టు మీద గ్లాసులో కషాయం ఇంకా గోరువెచ్చగానే ఉంది.

బతికింది. నేను ల్యాబుకి తిరిగొచ్చాక మా గైడు గారు ఒక ఆకు నమలమన్నారు. నాలుక పట్టేసింది. "ఆ వగరే నీ 90 శాతం" అన్నారు. వగరుకి కారణమైన టానిన్లు నోట్లో ఉమ్మిలోని ప్రోటీన్లని పట్టేసినట్టే గొట్టంలో ఎంజైమునీ పట్టేస్తాయి. దొరికిన ప్రోటీన్‌నల్లా పట్టుకునేది మందెలా అవుతుందే? పీవీపీపీ పొడి కలిపి టానిన్లు తీసేసి మళ్లీ చూస్తే అందులో మూడో వంతు కూడా మిగల్లేదు.

నువ్వు మొదటి రోజే ఆ పని చెయ్యి. సబ్బులాంటి ట్రైటాన్ కాస్త వేసిన గొట్టం కూడా పక్కన నడుపు, ఊరికే పట్టేసుకోవడం వల్ల ఆగిందేమో తెలుస్తుంది. నా పాత నోట్‌బుక్ ఎలకలు కొట్టాయి గానీ ఎర్ర సిరా పేజీ బాగానే ఉంది, పంపుతాను.

మీ నాన్నకి మాత్రం ఏ నంబరూ చెప్పకు. వాడూ మా అమ్మ కడుపున పుట్టినవాడే. 50 శాతం అన్నావంటే తెల్లారేసరికి నేరేడు చెట్టెక్కి కూర్చుంటాడు.

మీ అత్త