పొదుగువాపు వ్యాధికి గట్టి టీకా ఎందుకు రావడం లేదు?

గాలికుంటుకు టీకా ఉన్నప్పుడు పాడి ఆవుల పొదుగువాపుకు ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. అసలు లేదనడం సరికాదు. ఉన్న టీకాలు వ్యాధి తీవ్రతను తగ్గిస్తాయి, సోకకుండా మాత్రం పూర్తిగా ఆపలేవు.

ఇక్కడ శత్రువు ఒకటి కాదు. స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ యూబెరిస్, ఇ.కోలి వంటి ఎన్నో బ్యాక్టీరియాలు ఈ జబ్బు తెస్తాయి.

అంతకన్నా పెద్ద చిక్కు పొదుగులోనే ఉంది. రక్తంలో పుష్కలంగా తిరిగే యాంటీబాడీలు పాలలోకి కొద్దిగానే చేరతాయి. సూక్ష్మజీవులను మింగడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు పాలలోని కొవ్వు బిందువులను, కేసీన్ అనే ప్రొటీన్‌ను కూడా మింగేస్తాయి. కడుపు నిండిన కాపలాదారుడికి దొంగను పట్టే ఓపిక ఎక్కడిది? స్టెఫైలోకాకస్ ఆరియస్ మరీ గడుసుది: పొదుగు కణాల్లోకే దూరి దాక్కుంటుంది, జిగురు పొర కప్పుకుంటుంది.

ఇ.కోలి విషయంలో కొంత దారి దొరికింది. దాని పైపొర మీది చక్కెర గొలుసులు రకానికో తీరుగా ఉంటాయి. జె5 అనే రకానికి ఆ గొలుసులు లేవు కాబట్టి, అన్ని రకాలకూ ఉమ్మడిగా ఉండే లోపలి భాగం బయటపడుతుంది. దానితో చేసిన టీకాను సాధారణంగా వట్టిపోయిన కాలంలో మొదలుపెట్టి, ఈనే సమయానికి రక్షణ ఉండేలా వేస్తారు.

పరిశోధకులు టీకా జోరు పెంచడానికీ వెనకాడతారు. పొదుగులో రోగనిరోధక స్పందన మితిమీరితే అదే వాపు, అదే పాల నష్టం.