మూడు నుంచి ఐదేళ్ల పిల్లల ఏకాగ్రతను కంప్యూటర్‌తో కొలవవచ్చా?

కొలవవచ్చు. కానీ పెద్దల పరీక్షను కుదించి ఇస్తే పనికిరాదు.

ఎక్కువగా వాడేది ‘నొక్కు, ఆగు’ రకం ఆట. తెర మీద చేప కనిపిస్తే నొక్కాలి, సొరచేప వస్తే చెయ్యి కదపకూడదు. నూటికి 75 నుంచి 80 సార్లు చేపే రావాలి. అప్పుడే నొక్కడం అలవాటై, ఆపుకోవడం కష్టమవుతుంది. అక్షరాలు, అంకెలు వద్దు, బొమ్మలే పెట్టండి. ఒక్కో బొమ్మకు సుమారు 1.5 సెకన్లు ఇవ్వాలి. మొత్తం ఆట 5–7 నిమిషాలు దాటితే మీరు కొలిచేది అలసటనే.

చేపను వదిలేస్తే ధ్యాస జారినట్టు, సొరచేపనూ నొక్కేస్తే తొందరను ఆపుకోలేకపోయినట్టు. ఈ రెండు తప్పులనూ కలిపి ఒకే మార్కు వేయకండి, ఉన్న సమాచారమంతా పోతుంది. బొమ్మ కనిపించాక నొక్కడానికి పట్టే సగటు సమయం కన్నా, ఆ సమయంలోని ఒడిదుడుకులే ఎక్కువ చెబుతాయి: ఒకసారి 600 మిల్లీసెకన్లు, వెంటనే 1400. 200 లోపు పడ్డ నొక్కులు బొమ్మను చూసి నొక్కినవి కావు, లెక్కలోంచి తీసేయాలి.

అసలు చిక్కు సాధన దగ్గరే. మూడేళ్ల పాప ‘సొరచేపను నొక్కకూడదు’ అని నోటితో చెబుతూనే నొక్కేస్తుంది. అందుకే ముందు 8–10 బొమ్మలతో సాధన చేయించి, నియమం చేతికి కూడా ఎక్కిందని చూశాకే మొదలుపెట్టాలి. మౌస్ ఇస్తే గురిపెట్టడమే వేరే పరీక్ష అయిపోతుంది. ఒకే పెద్ద బటన్ మేలు.

ఈ అంకెలొక్కటే చూసి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అని తేల్చకూడదు. ఇంట్లో, బడిలో పిల్లల తీరు కూడా అడగాలి. పాప తెర నుంచి చూపు తిప్పిన ప్రతిసారీ పక్కనున్నవారు రాసుకోవాలి. కంప్యూటర్‌కు అది కనిపించదు.