విండోలో వీడియో పెట్టబోతున్న సుధకి

చి. సుధకి,

మీ ఊరి బడికి పాఠాల వీడియోలు ఆడించే ప్రోగ్రామ్ పైథాన్‌లో నువ్వే రాస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. నీకు రాయడం చేతకాదని కాదు, నలుగురి ముందు విండో బిగుసుకుపోతే మళ్ళీ ఈ పని ముట్టుకోవేమోనని.

మా రోజుల్లో విజువల్ బేసిక్ 6 ఫారం మీదకి మీడియా ప్లేయర్ కంట్రోల్‌ని లాగి పడేస్తే బటన్లతో సహా వచ్చేసేది. యూఐమోడ్‌కి ‘నన్’ అని ఇస్తే బటన్లు పోయి బొమ్మ ఒక్కటే మిగిలేది. నీకు అన్నీ చేత్తో రాసుకునే పని.

వీడియో ఆడించే వీఎల్‌సీ ప్లేయర్, పైథాన్ రెండూ 64 బిట్‌వే వేసుకో. పైథాన్‌లో విండోలు గీసే టికింటర్ ఫ్రేమ్ ఐడీని, ఎక్కడ ఆడాలో వీఎల్‌సీకి చెప్పే సెట్_హెచ్‌డబ్ల్యూఎన్‌డీకి ప్లే కొట్టకముందే ఇవ్వు. లేకపోతే వీడియో వేరే విండో తెరుచుకుని అందులో ఆడుతుంది.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన చోట ఒక కుర్రాడుండేవాడు, చురుకైనవాడే. వీడియోలు వరసగా ఆడాలి. ఒకటి అయిపోగానే వీఎల్‌సీ కబురు పెడుతుంది కదా, ఆ కబురు అందుకునే ఫంక్షన్‌లోనే స్టాప్ కొట్టి, తర్వాతి వీడియోకి ప్లే కొట్టేశాడు. డెమో రోజు మొదటి వీడియో చక్కగా ఆడింది. చివర్లో ఆగింది, అంతే. ఏ బటన్ నొక్కినా ఉలకదు. విండో తెల్లబడి పైన ‘నాట్ రెస్పాండింగ్’. ర్యామ్ చాలదన్నారు, వీడియో ఫార్మాట్ మార్చారు. అంతవరకూ ఎవరికీ ఎందుకు కనబడలేదంటావా? పరీక్షించేవాళ్ళంతా మొదటి నాలుగు సెకన్లు చూసి మూసేసేవాళ్ళు!

ఆ కబురు తెచ్చేది వీఎల్‌సీ సొంత థ్రెడ్, అంటే దాని లోపల విడిగా నడిచే పని వరస. దాని మీదే ఉండి స్టాప్ అనడం కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే. స్టాప్ ఆ థ్రెడ్ కోసం కాచుకుంటుంది, ఆ థ్రెడ్ నీ ఫంక్షన్ ముగిసేదాకా కాచుకుంటుంది. మధ్యలో వీడియో ఎంతవరకు ఆడిందని అడగబోయిన నీ విండో కూడా ఇరుక్కుంటుంది. కాబట్టి ఆ ఫంక్షన్‌లో ఒక ఫ్లాగ్‌ని, అంటే అయిందా లేదా అని చెప్పే గుర్తుని, ట్రూ చేసి బయటికొచ్చెయ్. టైమర్‌లా పనిచేసే టికింటర్ ఆఫ్టర్‌తో 200 మిల్లీసెకన్లకోసారి ఆ ఫ్లాగ్ చూసి, స్టాప్, తర్వాతి వీడియో అక్కడి నుంచి పిలువు. ఇది తర్వాత చూద్దాంలే అన్నావో, నేనే బస్సెక్కి వస్తాను.

స్లైడర్‌ని కూడా ఆ టైమరే జరపనీ. వీడియోని ముందుకీ వెనక్కీ జరిపే సెట్_టైమ్ మాత్రం మౌస్ వదిలినప్పుడే పిలువు. స్లైడర్ జరిగినప్పుడల్లా పిలిస్తే వీడియో నత్తినత్తిగా ఆడుతుంది. విండో మూసేటప్పుడు ముందు స్టాప్, తర్వాత ప్లేయర్‌ని రిలీజ్, ఆఖరున విండోని డిస్ట్రాయ్.

పది సెకన్ల క్లిప్పులు రెండు మూడు పెట్టుకుని, వరసగా చివరిదాకా ఆడనిచ్చి చూడు. అది కూడా నీ లాప్‌టాప్ మీద కాదు, బడి కంప్యూటర్ మీద. రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నావట, అన్నం కూడా కీబోర్డు దగ్గరేనట. తిట్టాలని కూర్చున్నాను గానీ, నేనూ అంతేగా అని ఊరుకున్నాను. ఎక్కడైనా ఆగితే వేళాపాళా చూడకుండా ఫోన్ చెయ్యి తల్లీ. ఎర్రర్‌లో చివరి లైను ఒక్కటే కాదు, మొత్తం పంపు.

ఆశీస్సులతో,
మావయ్య