పాత ఫోర్డ్ మస్టాంగ్ కొనాలని ఉంది, ఇంట్లో వద్దంటున్నారు. కొనవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: ఉండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ పక్కనే, గరాజ్‌లో చోటుంది, 1965 నాటి మస్టాంగ్ కారు మీద మనసు పడింది, ఇంట్లో మాత్రం "ఆ డబ్బుతో ఊళ్ళో స్థలం వస్తుంది కదా" అంటున్నారు. మా ఇంట్లోనూ ఇదే మాట అన్నారు. నేను కొన్నాను. ఇప్పటికీ ఉంది. కాబట్టి నా అనుభవం చెప్తాను, నిర్ణయం మీది.

ముందు ఒక మాట. రేపు రేటు పెరుగుతుంది, అమ్ముకోవచ్చు అన్న లెక్కతో అయితే వద్దు. ఇన్సూరెన్స్, గరాజ్, రిపేర్లు కలిపి చూసుకుంటే ఊళ్ళో స్థలమే నయం, మీ ఆవిడ మాటే కరెక్టు. అలా కాకుండా ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగే బండిగా కొనుక్కుంటానంటే, అందరూ ఎగబడే వీ8 ఫాస్ట్‌బ్యాక్, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌తో, కప్పు వెనక్కి ఏటవాలుగా దిగే బండి జోలికి పోకండి. ఆరు సిలిండర్ల మామూలు కూపే, అంటే రెండు తలుపుల బండి చూడండి. 200 క్యూబిక్ అంగుళాల ఇంజన్, అంటే దాదాపు 3.3 లీటర్లు. పాత కార్ల షోలలో దాని ముందు ఎవరూ ఆగరు. కానీ బానెట్ ఎత్తితే ఇంజన్ పక్కన చెయ్యి పెట్టడానికి బోలెడంత చోటు ఉంటుంది. ఈ చోటు విలువ నాకు మా నాన్న వచ్చాక తెలిసింది.

నాన్న ఒంగోలు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. డిపోలో డీజిల్ బస్సులే. అంతకుముందు కుర్రతనంలో ఒక షెడ్డులో జీపులు, అంబాసిడర్లు విప్పి బిగించాడు. అమెరికాకి వచ్చిన అమ్మానాన్నల సంగతి మీకు తెలిసిందే. అమ్మకి వంటిల్లు, మనవరాలు, ఫోన్లో చెల్లెళ్ళు. నాన్నకి ఏమీ లేదు. పొద్దున్నే ఇంటి చుట్టూ ఒక రౌండు, తర్వాత టీవీ, తర్వాత "టికెట్ ముందుకి జరుపుతారేమో కనుక్కోరా". మా ఆవిడ వద్దన్నా నేను కారు తెచ్చింది అప్పుడే. నాన్న కోసమే తెచ్చానని అప్పుడు ఇంట్లో చెప్పాను, అది సగమే నిజం.

అమ్మినాయన డియర్‌బోర్న్‌లో ఉండే పెద్దాయన. బండి వాళ్ళావిడది, కొత్తగా కొన్నది. ఆవిడ పోయాక అలాగే ఉంచేశారు. వాళ్ళమ్మాయి డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాంట్లోనే అట. బండితో పాటు ఒక బిస్కెట్ డబ్బా ఇచ్చారు, నిండా రసీదులు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కిలోమీటర్లు కాదు గానీ మైళ్ళు, తేదీ, ఆవిడ చేతిరాతతో. మా నాన్న ఆ డబ్బా ముందేసుకుని ఒక్కో కాగితం చూశాడు. "బండిని మంచిగా చూసుకుందిరా ఆ తల్లి" అన్నాడు. ఇంజన్ చూడకముందే ఆ మాట అనేశాడు.

కారు స్టార్టయ్యేది గానీ ఐడ్లింగులో వణికేది. నేను యూట్యూబ్ చూసి కార్బురేటర్ మార్చేద్దామన్నాను. నాన్న పెద్ద స్క్రూడ్రైవర్ తెచ్చి మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కాసేపు విన్నాడు. తర్వాత ఇంజన్ ఆపించి, డెల్కో మూత తీయించాడు. అదే, ఒక్కో సిలిండర్‌కీ కరెంటు పంచే భాగం, ఇక్కడ డిస్ట్రిబ్యూటర్ అంటారు. లోపల కరెంటుని కలుపుతూ తెంచే పాయింట్లు మాడి గుంటలు పడి ఉన్నాయి. ఎమరీ పేపర్‌తో రుద్ది, నా ఆఫీసు విజిటింగ్ కార్డు ఒకటి అడిగి, మధ్యకి మడిచి, సందులో పెట్టి గ్యాప్ బిగించాడు. మళ్ళీ స్టార్ట్ చేస్తే వణుకు పోయింది. "ఇది మన అంబాసిడర్ కన్నా తేలికరా" అన్నాడు. ఆ రోజు నుంచి టికెట్ మాట ఎత్తలేదు.

ఆ మాటలో నిజం ఉంది. మస్టాంగ్ అంత గొప్ప ఇంజనీరింగ్ ఏమీ కాదు. ఫాల్కన్ అనే సాదా సీదా ఫోర్డ్ కారు కింది భాగాల మీదే పైన అందమైన బాడీ తొడిగారు. అప్పట్లో ఫోర్డ్‌లో పెద్ద అధికారి లీ అయకోకా, ఆయన బృందం లెక్క అదే: ఖర్చు తక్కువ, చూపు ఎక్కువ. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో చూపించారు. ధర 2,368 డాలర్ల నుంచి మొదలు. మొదటి ఏడాదిలోనే నాలుగు లక్షలు దాటి అమ్ముడుపోయాయి. టీచర్లు, గుమాస్తాలు, అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్లలు కొన్నారు. షికాగోలో గెయిల్ వైజ్ అనే టీచర్ అయితే విడుదలకి రెండు రోజుల ముందే, ఏప్రిల్ 15న, డీలర్ దగ్గర కొనుక్కుని ఇంటికి తీసుకెళ్ళిపోయారు. ఆ బండి ఏళ్ళ తరబడి గరాజ్‌లో పడి ఉంటే, దశాబ్దాల తర్వాత ఆవిడ భర్త బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించారు.

ఇంకో కథ నాన్నకి బాగా నచ్చింది. సీరియల్ నంబర్ ఒకటి ఉన్న తెల్ల కన్వర్టిబుల్‌ని (పైకప్పు మడిచేసే బండి) కెనడాలోని న్యూఫౌండ్లాండ్‌లో స్టాన్లీ టక్కర్ అనే పైలట్‌కి డీలర్ అమ్మేశాడు. ఫోర్డ్ వాళ్ళు నాలిక కరుచుకుని తిరిగి ఇమ్మంటే ఆయన వెంటనే ఇవ్వలేదు. హాయిగా తిరిగి, 1966లో కొత్త మస్టాంగ్ ఇచ్చాకే పాతది వదిలాడు. ఆ ఒకటో నంబర్ బండి డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళండి. నాన్న అక్కడ వంగి బండి కిందకి చూడబోతే గార్డు వచ్చాడు, అది వేరే సంగతి.

మా అమ్మాయికి పదహారేళ్ళు నిండగానే తాతయ్యే గేర్లు నేర్పాడు. ఈ ఆరు సిలిండర్ల బండిలో మూడు గేర్ల మాన్యువల్ ఉంటే ఫస్ట్ గేరుకి సింక్రోమెష్, అంటే గేర్లు సాఫీగా కలిసేలా చేసే ఏర్పాటు ఉండదు. బండి కదులుతుండగా ఫస్ట్‌లో వేస్తే గర్రుమంటుంది. పాత జీపుల మీద చెయ్యి తిరిగిన మనిషికి ఇదొక లెక్కా? "ఆగాకే ఫస్టు, అమ్మడూ, ఆగాకే" అంటూ ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఇద్దరూ గంటలకొద్దీ తిరిగేవాళ్ళు. అమ్మాయికి తెలుగు అంతంతమాత్రం, నాన్నకి ఇంగ్లీషు అంతకన్నా తక్కువ. క్లచ్ దగ్గర మాత్రం గొడవ రాలేదు.

ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అని పాత కార్ల ఊరేగింపు ఇక్కడ జరుగుతుంది. 1995లో మొదలైంది. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వర్డ్ అవెన్యూ అంతా పాత బండ్లే. అమ్మిన పెద్దాయన్ని పిలిస్తే మడత కుర్చీ తెచ్చుకుని వచ్చారు. మా అమ్మ పులిహోర, గారెలు కట్టింది. ఆయన గారె మధ్యలో చిల్లు చూసి డోనట్ అనుకుని కొరికారు, అల్లం తగిలింది. మా ఆవిడ అంతగా నవ్వడం చాలా రోజులకి చూశాను. వాళ్ళావిడ ఈ రోడ్డు మీద ఎలా నడిపేదో ఆయన మా ఆవిడతోనే చెప్పుకొచ్చారు, నాతో కాదు. తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ మా ఆవిడే తీసుకుంది.

ఇక చూడటానికి వెళ్ళినప్పుడు ఏం చూడాలో చెప్తాను. రంగు చూసి మోసపోకండి. మిషిగన్‌లో రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ బండ్లని కింద నుంచి తినేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం ముందు అద్దం కింద చిల్లులున్న రేకు, కౌల్ అంటారు. దాని మీద చెంబుడు నీళ్ళు పోసి, లోపల డాష్‌బోర్డ్ కింద టార్చి వేసి చూడండి. చుక్క పడిందంటే తుప్పు ఉన్నట్టే, ఆ పని చిన్నది కాదు. కార్పెట్ ఎత్తించి ఫ్లోర్ చూడండి. అమ్మేవాడు ఎత్తనివ్వకపోతే దండం పెట్టి వచ్చేయండి. వీ8 అని చెప్తే ఒక్కో చక్రానికి ఎన్ని బోల్టులో లెక్కపెట్టండి: ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్లవాటికి నాలుగు, వీ8కి అయిదు. ఛాసిస్ నంబర్లో అయిదో అక్షరం ఇంజన్ కోడ్. 1965 బండిలో అక్కడ ఇంగ్లీషు 'టీ' అక్షరం ఉంటే అది పుట్టుకతో ఆరు సిలిండర్లదే.

బ్రేకుల విషయంలో మాత్రం ఒరిజినాలిటీ పేరుతో మొండికేయకండి. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ అప్పట్లో ఒకే సర్క్యూట్, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. డ్యుయల్ సర్క్యూట్‌ది వేయించి, ముందు డిస్కులు పెట్టించండి. వెనక సీట్లో బెల్టులు వేయించేదాకా పిల్లల్ని ఎక్కించకండి. నాన్న దీనికీ నవ్వాడు, నేను వినలేదు. విడిభాగాల గురించి టెన్షన్ అక్కర్లేదు, స్క్రూ నుంచి మొత్తం బాడీ దాకా కొత్తవి తయారు చేసి అమ్ముతున్నారు. 26 ఏళ్ళు నిండిన బండికి మిషిగన్‌లో హిస్టారికల్ ప్లేట్, అంటే పాత బండ్లకి వేరే నంబర్ ప్లేట్ ఇస్తారు. దాంతో షోలకి, క్లబ్బు కార్యక్రమాలకి వెళ్ళొచ్చు, ఆగస్టులో మామూలుగా తిప్పుకోవచ్చు. రోజూ ఆఫీసుకి వెళ్దామంటే అది కుదరదు.

ఇంట్లో ఒప్పించడమా? బండి చూడటానికి ఒంటరిగా వెళ్ళకండి, మీ ఆవిడని తీసుకెళ్ళండి. బేరం కూడా ఆవిడకే వదలండి. మా ఇంట్లో పార్టుల బిల్లులు ఇప్పుడు మా ఆవిడే రాస్తుంది, అదే బిస్కెట్ డబ్బాలో వేస్తుంది, తనని అడక్కుండా నేను ఆర్డర్ పెట్టకూడదని రూలు కూడా పెట్టింది.