చేతిసంచిలో పట్టే కెమెరా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి: రోజూ వెంట ఉంచుకోడానికి చిన్న మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకోగల కెమెరా) ఏది కొనాలి? వాటిలో కొన్నిటికి జవాబులివి. ధరలు పండక్కొకలా మారుతుంటాయి కనుక వాటి జోలికి పోలేదు.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక ఉపాధ్యాయిని): మా పిల్లలకు ఏడేళ్లు, మూడేళ్లు. పగలు ఫోన్‌తోనే ఫొటోలు బాగా వస్తున్నాయి. సాయంత్రం ఇంట్లోనూ, బతుకమ్మ దగ్గరా పిల్లలు కదిలారంటే అలికేసినట్టు వస్తున్నాయి. షాపులో కెనాన్ ఆర్50 గానీ సోనీ ఏ6400 గానీ కిట్ లెన్స్‌తో తీసుకోమన్నారు. ఏది మేలు? ఆ లెన్స్ సరిపోతుందా?

జవాబు: కెమెరాలు రెండూ మంచివే. చిక్కంతా ఆ కిట్ లెన్స్‌తోనే, అంటే కెమెరాతో పాటే ఇచ్చే చిన్న జూమ్‌తోనే. అదొక్కటే కొని ఇంటికి తెచ్చుకుంటే సాయంత్రం ఫొటోలు ఇప్పుడు ఫోన్‌లో వస్తున్నట్టే వస్తాయి. ఇంకా అధ్వాన్నంగా వచ్చినా ఆశ్చర్యం లేదు. కారణం వినండి.

ఈ కెమెరాల్లో వెలుగును పట్టే సెన్సర్ ఏపీఎస్-సి అనే సైజుది, సుమారు 23 × 15 మి.మీ. ఉంటుంది, ఫోన్ సెన్సర్‌కు చాలా రెట్లు పెద్దది. కానీ మంచి ఫోన్లలో మెయిన్ లెన్స్ ఎఫ్/1.7, ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ కంత అంత పెద్దది). కిట్ లెన్స్ జూమ్ చేసిన కొద్దీ సోనీలో ఎఫ్/5.6కీ, కెనాన్‌లో ఎఫ్/6.3కీ మూసుకుపోతుంది. పెద్ద సెన్సర్ తెచ్చిన లాభమంతా ఆ చిన్న కంతలో ఆవిరైపోతుంది. పైగా ఫోన్ చీకట్లో నాలుగైదు ఫ్రేములు తీసి కలిపేసుకుంటుంది. కెమెరా మామూలుగా ఆ పని చేయదు.

ఒక లెక్క చూడండి. ట్యూబ్‌లైట్లు వెలిగే హాల్లో ఆడుకునే పిల్లలు నిలకడగా రావాలంటే షట్టర్ వేగం కనీసం 1/250 సెకను ఉండాలి. ఆ వేగంలో ఎఫ్/5.6 అయితే ఐఎస్‌ఓ (చాలని వెలుగును కెమెరా ఎంత పెంచుకోవాలో చెప్పే అంకె) 12,800 దాకా పోతుంది, ముఖాలు గరుకుగా, రంగు వెలిసినట్టు వస్తాయి. అదే వెలుగులో ఎఫ్/2 అయితే ఐఎస్‌ఓ 1,600 చాలు, ఫొటో శుభ్రంగా ఉంటుంది. కెమెరా మారలేదు, మారింది లెన్సే. అందుకని బడ్జెట్‌లో మూడో వంతు లెన్స్‌కు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో వచ్చే బాడీ (లెన్స్ లేని కెమెరా) తీసుకోండి.

ఏ లెన్స్ అంటే, చాలామంది షాపువాళ్లు కెనాన్‌కు 50 మి.మీ. ఎఫ్/1.8 చూపిస్తారు. 160 గ్రాములే, చవక, ఫొటో నాణ్యతకు వంక పెట్టలేం. ఒకటే లోపం: ఏపీఎస్-సి మీద అది ఫుల్‌ఫ్రేమ్ (ఇంకా పెద్ద సెన్సర్) కెమెరా మీది 80 మి.మీ. లెన్స్‌లా బిగుతుగా చూస్తుంది, ఎదుట ఉన్నదాంట్లో కొంచెమే పడుతుంది. నిలబడ్డ మనిషి తల నుంచి పాదాల దాకా రావాలంటే మీరు 13, 14 అడుగులు వెనక్కి వెళ్లాలి. పది బై పన్నెండు గదిలో గోడ అడ్డం వస్తుంది. 30 మి.మీ. లెన్స్ అయితే ఎనిమిది అడుగులు చాలు. కాబట్టి మా ఓటు సిగ్మా 30 మి.మీ. ఎఫ్/1.4కు. సోనీ మౌంట్‌కు (కెమెరాకు లెన్స్ బిగించే చోటు) ఎప్పటి నుంచో ఉంది. సిగ్మా 2024లో కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కు ఏపీఎస్-సి లెన్సులు మొదలుపెట్టాక కెనాన్‌కూ వచ్చింది. కాస్త లావు, పావు కిలోకు పైనే. హ్యాండ్‌బ్యాగే ముఖ్యమనుకుంటే కెనాన్ 28 మి.మీ. ఎఫ్/2.8 ఉంది. బిళ్లలా పలచగా 120 గ్రాములు. ఆర్50కి తగిలిస్తే మొత్తం అర కిలో. వెలుగు మాత్రం ఎఫ్/1.4లో నాలుగో వంతే.

రెండిట్లో మీకు ఆర్50 చెబుతాం. 2023లో వచ్చింది, 375 గ్రాములు, తొలిసారి కెమెరా పట్టేవారికి మెనూలు సులువు. ఏ6400 2019 నాటిది, 403 గ్రాములు. దానికి లెన్సుల ఎంపిక ఎక్కువ. దాని చిన్న ఫ్లాష్‌ను వేలితో వెనక్కి వంచి వెలుగును సీలింగ్ మీదికి కొట్టించవచ్చు, తెల్ల సీలింగ్ ఉన్న ఇళ్లలో ఇది భలే పనికొస్తుంది. బాడీలో స్టెబిలైజేషన్ రెండిటికీ లేదు, దానికి బెంగ పడకండి. అది మీ చేతి వణుకును ఆపుతుంది గానీ పిల్లవాడి పరుగును ఆపదు.

కొన్నాక ఇలా పెట్టుకోండి: మోడ్ ఎం (షట్టర్, ఎఫ్ అంకె మనమే పెట్టేది), షట్టర్ 1/250, ఎఫ్/2, ఐఎస్‌ఓ ఆటో. ఫోకస్ కెనాన్‌లో సర్వో, సోనీలో ఏఎఫ్-సి; రెండూ కదిలేవాటిని వెంటాడేవే. కళ్లను గుర్తించే ఏర్పాటు ఆన్. బతుకమ్మ దగ్గర వెనకంతా చీకటి కాబట్టి కెమెరా కంగారుపడి వెలుగు పెంచేస్తుంది, పూల రంగులు పాలిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1కి దించండి. ఇంకో సంగతి: ఎఫ్/1.4 ఉంది కదా అని అక్కడే ఉంచేయొద్దు. రెండు మీటర్ల దూరంలో 30 మి.మీ. లెన్స్ ఎఫ్/1.4 దగ్గర స్పష్టంగా ఉంచే లోతు జానెడు. అక్క కళ్లు బాగుంటే వెనకున్న తమ్ముడు మసకబారతాడు. ఎఫ్/2.8కి మూసి తీస్తే మూరెడు వస్తుంది, ఇద్దరికీ సరిపోతుంది.

ప్రశ్న (కాకినాడ): కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేని కెమెరాలు చిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. నా వయసు 47. వ్యూఫైండర్ లేకపోతే ఇబ్బందా?

జవాబు: మీ వయసు రాసి మంచి పని చేశారు, జవాబు అందులోనే ఉంది. చత్వారం వచ్చినవాళ్లు వెనక స్క్రీన్ చూడాలంటే కళ్లజోడు తీయాలి, పెట్టాలి. వ్యూఫైండర్ పక్కన ఉండే చిన్న చక్రం తిప్పి మీ చూపుకు సరిచేసుకుంటే దగ్గరి కళ్లజోడు లేకుండానే అంతా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక మధ్యాహ్నం బీచ్‌లో ఏ స్క్రీనూ సరిగా కనపడదు. సోనీలో స్క్రీన్ వెలుగును ‘సన్నీ వెదర్’కు పెంచితే కొంత నయం, బ్యాటరీ మాత్రం తొందరగా దిగిపోతుంది. సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30, ఫుజీ ఎక్స్-ఎం5 లకు వ్యూఫైండర్ లేదు. వీడియోలు ఎక్కువ తీసేవారికి అవి బాగుంటాయి. ఫొటోలే ముఖ్యమైతే మీరు వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోండి.

ప్రశ్న (విజయవాడ): 24 మెగాపిక్సెల్ చాలా? 40 ఉన్నది కొనమంటున్నారు.

జవాబు: చాలు. 24 మెగాపిక్సెల్ అంటే 6000 × 4000 చుక్కలు. అంగుళానికి 300 చొప్పున 20 × 13 అంగుళాల ప్రింటు వస్తుంది. 40 అయితే కార్డూ, హార్డ్ డిస్కూ త్వరగా నిండుతాయి.

ప్రశ్న (గుంటూరు): ఈమధ్యే కొన్న మిర్రర్‌లెస్‌తో మా చెల్లి పెళ్లి రిసెప్షన్ తీశాను. సగం ఫొటోల్లో అడ్డంగా నల్లని చారలు. కెమెరా పాడైందా?

జవాబు: కెమెరా బాగానే ఉంది. మీరు సైలెంట్ మోడ్‌లో, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసి ఉంటారు. ఆ పద్ధతిలో సెన్సర్ బొమ్మంతా ఒక్కసారి చదవదు, పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. వెలిగినప్పుడు చదివిన వరసలు తెల్లగా, తగ్గినప్పుడు చదివినవి నల్లగా వస్తాయి. కంటికి ఇది తెలియదు.

మందు సులభమే. మొదట షట్టర్‌ను మెకానికల్‌కు మార్చండి. కెనాన్ ఆర్50 లాంటి వాటిలో పూర్తి మెకానికల్ ఉండదు, ‘ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్’ అని ఉంటుంది, అదీ పనికొస్తుంది. తర్వాత మెనూలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి. లైటు పూర్తిగా వెలిగిన క్షణం చూసి కెమెరా క్లిక్ కొడుతుంది. షట్టర్ వేగం 1/50 గానీ 1/100 గానీ ఉంచితే ప్రతి వరసకూ లైటు పూర్తి చుట్టు అందుతుంది, చారలుండవు. స్టేజీ మీద నిలబడ్డ పెళ్లికూతురు, పెళ్లికొడుకులకు 1/100 సరిపోతుంది.

స్టేజీ వెనక ఎల్‌ఈడీ స్క్రీనూ, డీజే రంగుల లైట్లూ వేరే సంగతి. వాటి మిణుకు కరెంటుతో ముడిపడి ఉండదు, ఒక్కోదానిది ఒక్కో వేగం. అక్కడ 1/100 కూడా ఒక్కోసారి తప్పుతుంది. ముందుగా రెండు ఫొటోలు తీసి, పెద్దవి చేసి చూసుకోవడమే దారి. కొనబోయేవారికి ఒక హెచ్చరిక: సోనీ జెడ్‌వీ-ఈ10 రెండో తరంలో మెకానికల్ షట్టర్ తీసేశారు, మొదటి దాంట్లో ఉంది. ఫంక్షన్ హాళ్లలో ఫొటోలు తీసేవారు కొత్తదని రెండోదానికి ఎగబడొద్దు.

ప్రశ్న (నిజామాబాద్): సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ ఎం50 చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు, ఒక్క షరతు మీద: ముందు ముందు ఇంకేమీ కొననని మీరు నిశ్చయించుకోవాలి. ఎం50 వాడే ఈఎఫ్-ఎం మౌంట్‌ను కెనాన్ ఆపేసింది. ఆ లెన్సులు ఏ అడాప్టర్ పెట్టినా ఇప్పటి ఆర్ కెమెరాలకు ఎక్కవు. రేపు బాడీ మార్చాలంటే లెన్సులూ పోతాయి. కానీ దాని 22 మి.మీ. ఎఫ్/2 లెన్స్ 105 గ్రాముల్లో అద్భుతం. ఆ లెన్స్‌తో కలిపి ఇస్తే, కొత్త కెమెరా ధరలో మూడో వంతు లోపు ఉంటే బేరం మంచిదే. దానిలో 4కె వీడియో అంచులు బాగా కోసేస్తుంది, ఫోకస్ కూడా తడబడుతుంది, ఆ ఆశ పెట్టుకోవద్దు.

డబ్బివ్వక ముందు నాలుగు పరీక్షలు చేయండి. తెల్ల గోడను ఎఫ్/16 దగ్గర, ఫోకస్ కావాలని చెడగొట్టి తీయండి, నల్ల మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము. గాలి ఊదే బ్లోవర్‌తో పోతే సరే, పోకపోతే క్లీనింగ్ ఖర్చు తగ్గించమనండి. మూత పెట్టి 10 సెకన్ల ఫొటో తీయండి, రంగు చుక్కలు ఒకటీ అరా అయితే ఫర్వాలేదు, చల్లినట్టుంటే వద్దు. లెన్స్‌ను వెనక నుంచి ఫోన్ టార్చ్‌తో చూడండి, సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. చివరగా అన్ని బటన్లూ, చక్రాలూ ఒక్కొక్కటే నొక్కి, తిప్పి చూడండి.

ప్రశ్న (విశాఖపట్నం): ఫంగస్ రాకుండా కెమెరాను బియ్యం డబ్బాలో పెట్టమని బంధువులు చెప్పారు. మంచిదేనా?

జవాబు: వద్దండీ. బియ్యం తేమను పీల్చేది అంతంతమాత్రం, పిండి దుమ్ము మాత్రం జూమ్ గొట్టంలోకి, బటన్ల కిందికి చేరుతుంది. అసలు తోలు కేసులోనో, స్పాంజి బ్యాగులోనో నెలల తరబడి బీరువాలో పెట్టడమే ఫంగస్‌ను పిలిచి పీట వేయడం. చీకటి, కదలని గాలి, 60 శాతం దాటిన తేమ: దానికి కావలసినవి ఇవే. సముద్రం పక్కన తేమకు ఏడాదంతా కొదవుండదు.

మూతకు రబ్బరు అంచు ఉన్న 10 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, 200 గ్రాముల సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు. ఇంతే ఖర్చు. మీటరు 40 నుంచి 50 మధ్య ఉండాలి. 30 కంటే దించొద్దు, లెన్స్ లోపలి గ్రీజు, రబ్బరు ఎండిపోతాయి. సిలికా జెల్‌లో నారింజ రంగు గుళికలు కొనండి, తేమ నిండితే ఆకుపచ్చగా మారతాయి. 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓటీజీలో వేడి చేస్తే మళ్లీ నారింజ రంగుకొస్తాయి. నీలం గుళికల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంట చేసే ఓవెన్‌లో వాటిని పెట్టకూడదు. లెన్సులు మూడు దాటితే కరెంటుతో పనిచేసే డ్రై క్యాబినెట్ కొనుక్కోవడం నయం.

ఏసీ గదిలోంచి నేరుగా బయటి ఉక్కలోకి కెమెరా తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. ముందే జిప్ కవర్లో పెట్టి, బయటికొచ్చాక అరగంట ఆగి తీయండి. ఫంగస్ పోతుందని కొందరు కెమెరాకు తగిలించిన లెన్స్‌ను ఎండలో పెడతారు. భూతద్దంతో కాగితం కాల్చినట్టు ఎండ లోపలి షట్టర్‌నో, సెన్సర్‌నో కాల్చేస్తుంది. కారు డ్యాష్‌బోర్డు మీద మూత లేకుండా వదిలేసినా అంతే.

ప్రశ్న (రాజమహేంద్రవరం): మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి వస్తున్నాడు. కెమెరా అక్కడ కొని తెమ్మంటే లాభమా?

జవాబు: వారంటీ సంగతి ముందు తేల్చుకోండి. కెమెరా బాడీల వారంటీ చాలావరకు కొన్న దేశానికే పరిమితం, ఇక్కడి సర్వీస్ సెంటర్లో డబ్బు కట్టాల్సి రావచ్చు. లెన్స్ ఒక్కటే తెప్పించుకుంటే ఆ బెడద తక్కువ, చెడిపోయే భాగాలు అందులో తక్కువ కాబట్టి. దారిలో జపాన్‌లో దిగి కొందామనే ఆలోచన ఉంటే, అక్కడ అమ్మే సోనీల్లో చాలావాటికి మెనూ జపనీస్‌లోనే ఉంటుందని గుర్తుంచుకోండి.

అమెరికా కెమెరా చేతికి రాగానే వీడియో పద్ధతిని ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కు మార్చండి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మార్చకపోతే ఇంట్లో తీసిన వీడియో మిణుకుమిణుకుమంటుంది. పాల్‌లో 25 లేదా 50 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ఆగిపోతుంది. సోనీలో ఇలా మార్చినప్పుడు కార్డును మళ్లీ ఫార్మాట్ చేయమని అడగవచ్చు, పాత ఫొటోలుంటే ముందే దించుకోండి. విడి బ్యాటరీలు విమానంలో చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే తెమ్మని అన్నయ్యగారికి చెప్పండి.